కార్తె తెలిసిన వంటింటికి ఖర్చు తక్కువ

కర్నూలు జిల్లా పత్తికొండ వైపు రైతులు టమాటాలను గంపలకు గంపలు రోడ్డు పక్కన పారబోసిన ఫొటో ప్రతి రెండు మూడేళ్ళకోసారైనా పేపర్లో కనిపిస్తుంది. కిలోకి రెండు రూపాయలు కూడా పలకనప్పుడు కోత కూలీ, బండి కిరాయీ ఎవరు భరిస్తారు? అదే టమాటా 2023 జులై నెలాఖరుకి మదనపల్లె మార్కెట్‌లో కిలో 200 రూపాయల దగ్గరికి వెళ్ళింది. ఈ రెండు ధరలూ ఒకే కాయవి. మధ్యలో మారింది నెల.

ధర అలా ఎగరడానికి దళారులనో ఎగుమతులనో తిట్టుకోవడం మనకు అలవాటు. వాళ్ళ పాత్ర వాళ్ళకుంది గానీ అసలు కారణం చాలాసార్లు పువ్వులోనే ఉంటుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రిపూట కూడా చల్లబడకపోతే టమాటా పూత పిందె పట్టకుండా రాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పూత నిలవని చోట జూన్, జులైలో కాయ ఎక్కడినుంచి వస్తుంది? పైగా తొలకరి వానలు గట్టిగా పడితే ఉన్న కాయా కుళ్ళుతుంది. అంటే జులైలో టమాటా ధర ఎలా ఉండబోతుందో మే నెల ఎండ చాలావరకు ముందే చెప్పేస్తుంది. చలికాలం చివర్లో టమాటా చవగ్గా ఉన్నప్పుడే పది కిలోలు తెచ్చి, ముక్కలు కోసి, ఉప్పులో ఊరవేసి, రెండు మూడు ఎండలు ఎండబెట్టి నిల్వ పచ్చడి పెట్టుకున్న ఇంటికి జులైలో టమాటా ఎంత పలికినా పెద్దగా పట్టింపు ఉండదు.

పొదుపు గురించి వచ్చే సలహాలన్నీ ఎంత కొనాలి, ఎక్కడ కొనాలి, ఏ ఆఫర్‌లో కొనాలి అన్నచోటే తిరుగుతుంటాయి. తెలుగు ఇళ్ళలో పాత లెక్క అక్కడ మొదలయ్యేది కాదు. ఎప్పుడు కొనాలి, ఎప్పుడు ఎండబెట్టాలి, ఎప్పుడు విత్తాలి అన్నవే ముందు తేల్చుకునేవాళ్ళు. ఆ లెక్కకు కొలబద్ద కార్తె.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి సుమారు పద్నాలుగు రోజులు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8కి, ఆరుద్ర జూన్ 22కి. ఏ ఏడాదైనా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ తప్ప ఈ తేదీలు మారవు. చాంద్రమాన మాసాలు అలా కాదు. అధికమాసం వచ్చిన ఏడు శ్రావణం దాదాపు నెల వెనక్కి జరుగుతుంది. ఉగాది, వినాయక చవితి, దసరా ఎప్పుడు వచ్చాయన్నది వానకు అక్కర్లేదు, సూర్యుడు ఎక్కడున్నాడన్నదే దానికి కావాలి. అందుకే మనవాళ్ళు పండగలు చంద్రుణ్ణి చూసి చేసుకున్నారు, విత్తనాలు సూర్యుణ్ణి చూసి చల్లారు. పంచాంగం పేరు వినగానే మూఢనమ్మకం అనేసేవాళ్ళు ఈ ఒక్క తేడా గమనిస్తే బాగుంటుంది.

ఎండ ఉన్నప్పుడే

చింతపండు నుంచి మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే ఎండబెట్టి దాచుకునే సరుకుల్లో ఇంటికి ముందొచ్చేది అదే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త చింతపండు దిగుతుంది. ఎర్రగా, కాస్త తేమగా ఉంటుంది. దాన్ని అలాగే డబ్బాలో వేస్తే వానాకాలానికి బూజు పడుతుంది. కాబట్టి చాప మీద పరిచి రెండు ఎండలు చూపించి, గింజలూ ఈనెలూ తీసేసి, కళ్ళుప్పు చల్లుకుంటూ ఉండలు కట్టి జాడీలో నొక్కిపెడతారు. గింజ తీసిన చింతపండుకూ గింజతో ఉన్నదానికీ అంగట్లో ధర తేడా గట్టిగానే ఉంటుంది. ఆ తేడా అంతా కత్తిపీట ముందు కూర్చున్నవాళ్ళ కూలీయే. ఇంట్లో ఇద్దరు మధ్యాహ్నం పూట కబుర్లు చెప్పుకుంటూ చేసే పనికి అంగడి అంత విలువ కడుతుందని చాలామంది గమనించరు.

తర్వాత వంతు మిరపకాయలది. గుంటూరు యార్డుకి ఎండుమిర్చి జనవరి నుంచి వేసవి మొదటిదాకా వెల్లువలా వస్తుంది. ఏడాది కారం పట్టించుకునేవాళ్ళు మార్చి, ఏప్రిల్‌లో కొంటారు. తొడిమెలు తీసి, గలగలమనేదాకా ఎండబెట్టి మరపట్టిస్తారు. తేమ మిగిలిన కాయను మరపట్టిస్తే కారం గడ్డలు కట్టడంతో పోదు, కంటికి కనిపించని బూజు కూడా చేరుతుంది. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం. కాయ తొడిమె దగ్గర నల్లగానో బూడిదరంగు మచ్చతోనో ఉంటే, ఎంత చవకైనా దాన్ని కారంలో కలపకూడదు. ఆదా పేరుతో చేయకూడని పనుల్లో ఇది మొదటిది.

వడియాలు, తెలంగాణలో ఒరుగులు అనే వరుగులు, చల్ల మిరపకాయలు, అప్పడాలు అన్నిటికీ కావాల్సింది ఎండ ఒక్కటే కాదు, పొడిగాలి కూడా. తెలంగాణ, రాయలసీమల్లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ బాగా పడిపోతుంది కాబట్టి గోరుచిక్కుడు వరుగు రెండు రోజుల్లో చేతిలో విరిగిపోయేంతగా ఎండుతుంది. విశాఖ, కాకినాడ తీరంలో ఎండ అంతే కాసినా సముద్రపు గాలికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. సాయంత్రం అయిదు లోపే లోపలికి తీసుకోకపోతే పగలంతా ఎండింది రాత్రికి మళ్ళీ మెత్తబడుతుంది. వంకాయ, కాకర, దోస ఏదైనా సరే, అంగట్లో ధర పడిపోయిన వారం తెచ్చి వరుగు చేసుకుంటే శ్రావణంలో కూర దొరకని రోజు పులుసులో వేసుకోవచ్చు. కరెంటు అక్కర్లేని ఫ్రీజరు ఇది.

ఇక ఆవకాయ. దీని మీద తెలుగువాళ్ళకు అభిప్రాయాలు ఎక్కువ, ఏకాభిప్రాయం తక్కువ. కలెక్టరు కాయా, తెల్లగులాబీయా, చిన్నరసమా అన్న తగువు తేలేది కాదు. కొలతలు ఏ జిల్లావి ఆ జిల్లావే అయినా వెనకున్న సూత్రం ఒకటే. ముక్క పులుపు, ఉప్పు, ఆవాల ఘాటు, నూనె ఈ నాలుగూ కలిసి సూక్ష్మజీవికి బతుకు లేకుండా చేస్తాయి. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. పులుపు చాలా రకాల బాక్టీరియాను పెరగనివ్వదు. ఆవపిండి ఘాటు బూజును అదుపు చేస్తుంది. పైన తేలిన నూనె గాలిని అడ్డుకుంటుంది.

మూడోరోజు జాడీ మూత తీసి చూస్తే ఇదంతా కంటికే కనిపిస్తుంది. మొదటిరోజు పిండిపిండిగా, పొడిగా కనిపించిన ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ముక్క కొస మీద తోలు ఇంకా గట్టిగానే ఉంటుంది గానీ లోపలి తెల్లదనం పోయి పసుపు పట్టి ఉంటుంది. జాడీ అడుగున ఉప్పూ కారం మందంగా దిగి ఉంటాయి. తిరగకలపమనేది ఇందుకే. అడుగు ఉప్పు పైకి రాకపోతే పై ముక్కలకు కాపలా ఉండదు. కలిపాక నూనె వేలెడు మందాన పైకి తేలాలి. తేలకపోతే ఇంకొంచెం పోయాలి. అక్కడ పావుకిలో నూనె దగ్గర పిసినారితనం చేస్తే ఆషాఢానికి జాడీ మొత్తం పారబోయాల్సి వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. మామిడి, నిమ్మ, ఉసిరి, చింతకాయ నిలవుండేది పులుపు వల్ల. పులుపు లేని వెల్లుల్లినో మరో కూరగాయనో ఉత్తి నూనెలో వేసి బయట పెట్టేసి దాన్ని కూడా పచ్చడే అనుకోవడం ప్రమాదం. గాలి తగలని చోట, పులుపు లేని చోట పెరిగే బాక్టీరియా తయారుచేసే విషం ప్రాణాంతకం. అలాంటివాటికి నిమ్మరసమో చింతపండో దండిగా పడాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి కొద్దిరోజుల్లో తినేయాలి.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి ఉప్పు సంగతి దాటవేయడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. అది సుమారు ఒక చిన్న చెంచాడు. పప్పు, పులుసు, పెరుగన్నంలోకి ఆవకాయ, నంజుకోవడానికి వడియం అన్నీ ఒకే విస్తట్లో పడితే ఆ చెంచా మధ్యాహ్నానికే దాటిపోతుంది. పొలం పని చేసి చెమటోడ్చిన ఒంటికి ఏర్పడిన అలవాటు ఏసీ గదిలో కుర్చీలో కూర్చునే ఒంటికి సరిపోదు. బీపీ ఉన్న ఇంట్లో జాడీ సైజు తగ్గించుకోవడమే మంచిది. ఏడాది పొడుగునా చేసిన ఆదా ఒక నెల మందుల బిల్లుకి సరిపోదు.

డబ్బాలో ఉన్న శత్రువు

సంక్రాంతి దాటాక కొత్త కందులు మార్కెట్‌కి వస్తాయి. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న తాండూరు కందిపప్పు కూడా ఈ వానాకాలపు పంటే. డిసెంబరు నుంచి కోతలు, జనవరి, ఫిబ్రవరిల్లో రాబడి. సరుకు పోటెత్తే ఈ రోజుల్లో ధర సాధారణంగా మెత్తబడుతుంది, వానలు మొదలయ్యాక మెల్లగా బిగుస్తుంది. నెలకు రెండు కిలోలు వాడే ఇల్లు ఆరునెలల పప్పు ఒకేసారి తీసుకుంటే ఎంతో కొంత మిగలాలి. మిగలకపోతే కారణం ఒక్కటే ఉంటుంది, పురుగు.

ఒక పిడికెడు కందులో పెసలో తెల్లకాగితం మీద పోసి వెలుతురులో చూడండి. కొన్ని గింజల మీద గసగసాల కన్నా చిన్న తెల్లచుక్క అతుక్కుని కనిపిస్తుంది. అది దుమ్ము కాదు, పుచ్చుపురుగు గుడ్డు. దాంట్లోంచి వచ్చిన పురుగు నేరుగా గింజలోకి తొలుచుకుపోతుంది, నెలరోజుల్లో గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది, మళ్ళీ గుడ్లు పెడుతుంది. ఈ గుడ్లు చాలావరకు చేలోనే, కాయ మీదే పడి ఉంటాయి కాబట్టి ఎంత బిగుతు డబ్బా తెచ్చినా లోపలికి వెళ్ళేది శత్రువుతో కలిసే.

పాతవాళ్ళ చిట్కాలు ఇక్కడ అర్థమవుతాయి. గింజలకు ఆముదం రాయడం వల్ల గుడ్డు పట్టు నిలవదు, పెట్టిన గుడ్డుకీ గాలాడదు. కందులకు ఎర్రమట్టి కట్టి ఎండబెట్టడమూ ఇలాంటిదే. మట్టిపొర పురుగుకి అడ్డం, తేమకూ అడ్డం. బద్ద చేసిన పప్పుకి ఈ పురుగు బెడద తక్కువ, అది గుడ్లు పెట్టడానికి నిండు గింజనే వెతుక్కుంటుంది. అందుకే ఏడాది నిల్వకు బద్దలైతే మేలు, మొలకలకు వాడే నిండు పెసలు, శనగలు నెలకు సరిపడా తెచ్చుకుంటే చాలు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఇంకో మంచి మార్గం ఉంది. కొన్న పప్పును నాలుగైదు రోజులు ఫ్రీజరులో పెట్టి, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా సంచి విప్పకుండా ఉంచి, ఆ తర్వాత డబ్బాకెత్తితే లోపలి గుడ్లు చస్తాయి.

వేపాకు గురించి ఒక మాట. ఎండిన వేపాకు బియ్యంలో వేయడం వల్ల పురుగు కొంత దూరంగా ఉండొచ్చు గానీ, చేరిపోయిన పురుగును అది చంపదు. అసలు మందు తేమ లేకుండా ఉంచడమే. ధాన్యంలో తేమ 14 శాతం మించితే ముక్కపురుగుకీ బూజుకీ పండగ. పంటికింద గింజ మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి, పటుక్కున విరిగితే చాలు. రైతులు ఇప్పటికీ చూసే పరీక్ష ఇది.

ఇంట్లో అసలు చేయకూడని పని బియ్యం బస్తాలో మాత్రలు పెట్టడం. గోదాముల్లో వాడే ఆ మాత్రలు గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. దానికి విరుగుడు మందు లేదు. తలుపులు వేసుకుని పడుకున్న గదిలో అది కుటుంబం మొత్తాన్ని తీసుకుపోగలదు. బోరిక్ పౌడరు కలిపిన బియ్యాన్ని కడిగితే పోతుందిలే అని సర్దుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అది పురుగుల మందు, వంట దినుసు కాదు. పురుగు పట్టిన పది కిలోల బియ్యం చెరిగి ఎండబెట్టుకోవచ్చు, అదీ కుదరకపోతే కోళ్ళకో పిట్టలకో వేయొచ్చు.

ఉల్లిపాయల లెక్క కొంచెం వేరు. మార్చి నుంచి మే దాకా వచ్చే మహారాష్ట్ర యాసంగి ఉల్లి పొర బిగిసి ఉంటుంది, నిలవుంటుంది. వానాకాలపు ఉల్లి నీరు పట్టి ఉంటుంది, నిలవుండదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పాతది అయిపోయి కొత్తది రాకముందు ధర ఎగిరేది అందుకే. మే నెలలో పాతిక కిలోలు కొనిపెట్టుకోమని సలహా ఇవ్వడం తేలికే. అది గాలాడే వసారా, వేలాడదీసే దూలం ఉన్న ఇంటికి. అపార్ట్‌మెంటులో సింకు కింద గూట్లో పెడితే మూడోవంతు మొలకెత్తి, కుళ్ళి, వాసనొచ్చి చివరికి నష్టమే మిగులుతుంది. అక్కడ పది రోజులకు సరిపడా కొనుక్కోవడమే అసలైన పొదుపు.

రోళ్ళు పగిలే రోజులు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఇప్పుడు ఆ కార్తెలో కరెంటు బిల్లు పగులుతోంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, ఆ గీత దాటితే ఆ నెల డబ్బు కట్టాల్సిందే. అంటే ఏప్రిల్, మే నెలల్లో పది యూనిట్ల తేడా కూడా వందల రూపాయల తేడా అవుతుంది. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకి 30 వాట్ల చుట్టుపక్కల చాలు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఏసీ ఉన్నవాళ్ళకు ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 18 దగ్గర పెట్టి దుప్పటి కప్పుకునే వాళ్ళకు ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది మేడ మీద సున్నం. పగలంతా కాలిన స్లాబు రాత్రి పన్నెండు దాకా వేడి కిందికి దింపుతూనే ఉంటుంది. తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుంది, స్లాబు వేడెక్కడమే తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ లెక్క మీదే. సున్నంలో కాస్త జిగురు కలిపి మార్చిలోనే రెండు పూతలు వేసుకుంటే వేసవి గడుస్తుంది. వానలకు పోతుంది, మళ్ళీ ఏడాది వేసుకోవాలి. అయినా ఖర్చు కొద్దిపాటిదే.

కుండనీళ్ళు, ఎయిర్ కూలరు, వట్టివేళ్ళ తడిక మూడూ ఒకే పని మీద ఆధారపడ్డాయి. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. కాబట్టి హైదరాబాదులో, అనంతపురంలో ఏప్రిల్ నెలలో కూలరు అద్భుతంగా పనిచేస్తుంది, మచిలీపట్నంలో చెమట పోయిస్తుంది. బంధువుల ఇంట్లో బాగుందని చూసి వచ్చి కొన్న కూలరు మన ఇంట్లో ఎందుకు దండగైందో చాలామందికి అర్థంకానిది ఇక్కడే. తీరంలో ఉన్నవాళ్ళు కూలరు డబ్బు ఎదురెదురు కిటికీల మీద, ఎగ్జాస్ట్ ఫ్యాను మీద పెడితే నయం.

వేసవిలో ఒంటికి తరవాణి, మజ్జిగ, చద్దన్నం చాలు. వడదెబ్బ తగిలినా విరేచనాలైనా ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు తలకొట్టి కలుపుకోవచ్చు. ఉప్పు అంతకు మించకూడదు.

తొలకరి తర్వాత పెరడు

మృగశిర కార్తె నాడు తెలంగాణలో చేపలు తినడం, ఇంగువ బెల్లం నోట్లో వేసుకోవడం ఆనవాయితీ. చేపల సంగతి చూస్తే దానికో మార్కెట్ లెక్క కూడా దొరుకుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా యాంత్రిక పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రపు చేప తక్కువ, ధర ఎక్కువ. చెరువులు మాత్రం వేసవికి అడుగంటి ఉంటాయి, చేప వలకు తేలిగ్గా దొరుకుతుంది. ఆనవాయితీ పాతది, నిషేధం కొత్తది, రెండూ ఎలాగో ఒకచోట కలిశాయి.

పెరటికి ఇది కొత్త సంవత్సరం. బీర, సొర, కాకర, పొట్ల పాదులు మృగశిర, ఆరుద్రల్లో పెడితే నీరు పోసే పని వాన చూసుకుంటుంది. ఏప్రిల్‌లో ఇదే బీరపాదుకి పోసిన బోరు నీళ్ళ లెక్క వేస్తే అంగట్లో కాయే చవక.

పాదు చిక్కుడు విషయంలో ఏటా ఒక పొరపాటు జరుగుతుంది. జూన్‌లో విత్తిన తీగ పందిరంతా కమ్మేసి, మూడు నెలలైనా ఒక్క పువ్వూ పూయదు. గొడ్డుపాదు అని పీకేసేవాళ్ళున్నారు. నాటు చిక్కుడు పగలు కురచయ్యేదాకా పూయదు. రాత్రి పొడుగు పెరిగిందని తీగకు తెలిసేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు మొదలైతే సంక్రాంతి దాటేదాకా రోజూ కోయాల్సిందే. కాబట్టి దీన్ని శ్రావణంలో పెట్టినా వచ్చేది అప్పుడే, వానాకాలం మొదట్లో ఆ పందిరి బీరకి ఇచ్చి, తర్వాత చిక్కుడుకి అప్పగించవచ్చు. ఒకే పందిరి, రెండు కాపులు. గోంగూరదీ ఇదే స్వభావం. పగలు పొడుగ్గా ఉన్న వానాకాలంలో ఆకు మీద ఆకు వేస్తుంది, చలి రాగానే పువ్వుకి తిరిగి ఆకు ముదురుతుంది. కొత్తిమీర, మెంతి ఇందుకు విరుద్ధం, వేడికి వెంటనే పూతకు పోతాయి. ఏప్రిల్‌లో ధనియాలు చల్లి మొలిచింది మొలిచినట్టు పూసేసిందని బాధపడటం కన్నా, దీపావళి దాటాక చల్లుకోవడం తేలిక.

మిద్దెతోట మీద ఇప్పుడు మోజెక్కువ. మంచిదే. కాకపోతే గ్రోబ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, మందుసీసాలు కొని పెంచిన కిలో టమాటా అసలు ఖరీదు లెక్కేస్తే జులై ధర కూడా చవగ్గా కనిపిస్తుంది. కుండీలో గిట్టుబాటయ్యేవి వేరే ఉన్నాయి. కరివేపాకు, పుదీనా, పచ్చిమిర్చి, బచ్చలి, తోటకూర. అంగట్లో కట్ట కొంటే సగం వాడి సగం కుళ్ళబెట్టే సరుకులివి. కావలసినంతే తుంచుకోవడంలో ఉంది లాభం. బంగాళాదుంపలూ క్యాబేజీలూ చేలోనే పండనివ్వండి.

ఎరువు మాత్రం కొనక్కర్లేదు. కూరగాయల తొక్కలకు రెండింతలు ఎండుటాకు కలిపితే వాసన రాకుండా రెండు మూడు నెలల్లో మాగుతుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని, ఎండుటాకు ఇంకాస్త వేయాలని. పొడి ఆకు దొరికేది శిశిరంలో, కావలసింది వానాకాలంలో. కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో ఊడ్చి కాల్చేసే ఆకులను ఒక గోతం సంచిలో కుక్కి పెట్టుకోవాలి. వేపగింజలు కూడా జూన్, జులైలో చెట్టుకింద ఊరికే పడి ఉంటాయి. నీడలో ఆరబెట్టి దాచుకుంటే, లీటరు నీటికి 50 గ్రాముల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టుకోవచ్చు. రసం పీల్చే పురుగులకు, ఆకు తినే లేత పురుగులకు అది చాలు.

వానాకాలపు పెరట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు కుండీ కింద పెట్టిన పళ్ళెం. డెంగీ దోమ మురుగులో పెట్టదు, ఇలాంటి మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు. వారానికోసారి, శుక్రవారం డ్రై డే, అంటే నిల్వనీళ్ళు పారబోసే రోజు, అని రెండు రాష్ట్రాల్లోనూ అధికారులు చెప్పేది ఆ చక్రం తెంచడానికే. నీళ్ళు పారబోసి ఊరుకుంటే సరిపోదు. గుడ్లు పళ్ళెం గోడకు అతుక్కుని నెలల తరబడి ఎండుగా ఉండి, మళ్ళీ నీళ్ళు తగలగానే లేస్తాయి. పీచుతో రుద్ది కడగాలి. ఏప్రిల్‌లో వాడి మూలన పెట్టిన కూలరు తొట్టి కూడా ఆ జాబితాలోదే.

చలికాలం గురించి చెప్పడానికి అంతగా లేదు, ఎందుకంటే అప్పుడు అంగడే మన పక్షాన ఉంటుంది. ఆకుకూరలు, క్యారెట్, క్యాబేజీ, పచ్చి బఠాణీ అన్నీ దిగుతాయి. మహబూబ్‌నగర్ సీతాఫలం వెళ్ళిపోతూండగా జామ వస్తుంది. సి విటమిన్ లెక్కలో జామ నారింజకు మూడు నాలుగింతలు. దూరదేశపు ఆపిల్‌కి మైనం పూసి, స్టిక్కరు అంటించి అమ్మే బండి పక్కనే గంపలో పెట్టుకున్న జామకాయ సగం ధరకైనా పోదు, అదో విచిత్రం. కార్తీకంలో ఉసిరి, డిసెంబరు నుంచి తేగలు, అనకాపల్లి వైపు కొత్త బెల్లం. బెల్లం ఆ నెలల్లో గట్టిగా, పొడిగా ఉన్నప్పుడే కొని గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. అదే బెల్లం ఆగస్టులో నీరుకారుతుంది, నల్లబడుతుంది, అదే ధర మాత్రం అడుగుతారు.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చేసరికి పాత చింతపండు జాడీ అడుగుకి చేరి ఉంటుంది. దాన్ని కడిగి, బోర్లించి, ఎండలో ఒక పూట ఆరనివ్వాలి. తడి ఆరకముందే కొత్త పండు వేసి నొక్కితే మొత్తం పని మళ్ళీ మొదటికొస్తుంది.